సమస్య: బంతి దన్ని వేదభాష్య మిచ్చె

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది. పద్యంలో ముల్లరు పేరు రావాలి. జర్మనీలో అన్నిటికన్నా ఎక్కువగా వినబడే ఇంటిపేరు ఇదే, కాబట్టి ఏ ముల్లరో తేల్చుకునే పని మీదే. కానివ్వండి.

పూరణ 1, గుంటూరు మాస్టారు:

గెర్డు ముల్ల రెట్లు కీర్తి గాంచె జగాన?
మాక్సు ముల్ల రేమి మనకు నిచ్చె?
ప్రశ్న రెంటి కొక్క పాదమే బదులాయె
బంతి దన్ని వేదభాష్య మిచ్చె.

నిర్వాహకుడు: భేష్! క్రమాలంకారం (ప్రశ్నల వరసలోనే జవాబులు) చక్కగా కుదిరింది. ‘పాదమే’ దగ్గర శ్లేష ఇంకా బాగుంది. 1974 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో నెదర్లాండ్స్ మీద గెలుపు గోలు కొట్టింది ఆ గెర్డు పాదమే కదా! ‘ప్రశ్న రెంటి’ కాస్త ముతక, సర్దుకుపోవచ్చు.

పూరణ 2, వరంగల్ మిత్రుడు:

పురువు జంపె నొకడు, పుస్తకా లొకతెయు
వ్రాసె, వీరు గాక వాసిగన్న
ముల్లరు లిరువురును మొనగాళ్ళు, వారిలో
బంతి దన్ని వేదభాష్య మిచ్చె.

(పురుగుల ఆయన పాల్ ముల్లర్, డీడీటీకి 1948లో నోబెల్. పుస్తకాల ఆవిడ హెర్తా ముల్లర్, సాహిత్యానికి 2009లో నోబెల్.)

గుంటూరు మాస్టారు: నలుగురినీ ఒక్క ఆటవెలదిలోకి లాక్కొచ్చారు, గణాలూ యతులూ ఎక్కడా తప్పలేదు. కానీ బాబూ, అన్వయం మాటేమిటి? ‘దన్ని’ క్త్వార్థకం, అంటే ‘తన్ని, ఆ తర్వాత’ అని చెప్పే అసమాపక క్రియ. తన్నినవాడే భాష్యమూ ఇవ్వాలి. మీ పద్యంలో కర్తలు ఇద్దరు. ‘దన్నె’ అంటే కుదురుతుంది గానీ సమస్యే మారిపోతుంది. నేను ప్రశ్నలుగా విడగొట్టింది అందుకే.

పూరణ 3, డాలస్ సోదరి:

కాశి కేగి గురుల కడ వేదములు నేర్చె
ముల్ల రనెడి జాణ మోజు మీర;
విందులేల నాకు వేడుక లేలంచు
బంతి దన్ని వేదభాష్య మిచ్చె.

(ఇది భోజనాల బంతి!)

నిర్వాహకుడు: అమ్మా, ఈ విరుపు నాకు తట్టనే లేదు. అయితే మాక్సుముల్లరు కాశీ కాదు, అసలు మన దేశంలోనే అడుగుపెట్టలేదు. పారిస్‌లో సంస్కృత పండితుడు బర్నూఫ్ దగ్గర చదువుకుని, ఆయన ప్రోద్బలంతోనే ఋగ్వేదం పని మొదలుపెట్టాడు. ఖర్చు ఈస్టిండియా కంపెనీ భరించింది. భాష్యం సాయణాచార్యులది, ఈయన పరిష్కరించి అచ్చువేయించాడు. సమస్యలో ‘ఇచ్చె’ అన్నాం కనుక నెగ్గుకొస్తుంది. మొదటి పాదం ఇలా మార్చి చూడండి:

పారిసందు జేరి బర్నూఫు కడ నేర్చె

డాలస్ సోదరి: బాగుందండీ, పెట్టేస్తున్నాను. ‘మోజు మీర’ మాత్రం మార్చను. 1849లో మొదటి సంపుటం, 1874లో ఆరోది. పాతికేళ్ళు పట్టుకుని వేలాడాడంటే అది మోజు కాక మరేమిటి?