20 ఏళ్ల గోల్‌కీపర్: పెద్ద క్లబ్ బెంచీయా, కింది డివిజన్‌లో ఆటా?

మైదానంగీత
పెద్ద క్లబ్‌లో మూడో కీపర్, వయసు 20. రోజూ మంచి కోచ్ దగ్గర సాధన, అప్పుడప్పుడు అండర్-21 మ్యాచ్. కింది డివిజన్ క్లబ్ ఒక సీజన్ లోన్‌కి (సొంత క్లబ్‌తో ఒప్పందం ఉంచుకునే కొన్నాళ్లు వేరే క్లబ్‌కి ఆడటానికి) అడిగితే వెళ్లాలా, ఉండాలా?

రెండోపోస్ట్
వెళ్లాలి. కారణం క్రాస్‌లు, అంటే పక్క నుంచి గోల్ ముందుకి ఎగరేసే బంతులు. సాధనలో కార్నర్ వేస్తే కీపర్ మీద ఎవరూ పడరు, గాయమవుతుందని భయం. కింది డివిజన్‌లో అలా కాదు. ఒకడు కీపర్ ముందు నిలబడి దారి కడతాడు, ఇంకొకడు వీపుకి ఆనుకుని ఉంటాడు. బంతి కాలిని వదలగానే ముందుకెళ్లాలా, గీత మీదే ఉండాలా తేల్చుకోవాలి. సగం దూరం వచ్చి ఆగాడా, వెనక గోల్ ఖాళీ. వెళ్తే ఒక మోకాలు పైకెత్తి, బంతిని అందినంత ఎత్తులో పట్టాలి. చుట్టూ జనం ఉంటే పట్టుకోకుండా పిడికిలితో దూరంగా గుద్దాలి. అండర్-21లో బంతి ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది, ఇదంతా అక్కడ రాదు. బెల్జియం కీపర్ కోర్టువాని చూడండి: 2011లో చెల్సీ కొని వెంటనే అట్లెటికో మాడ్రిడ్‌కి లోన్ ఇచ్చింది, 2014లో లా లిగా గెలిచి తిరిగొచ్చాడు.

గ్లవ్స్‌మనిషి
అట్లెటికో కింది డివిజనా అండీ? ఆ ఉదాహరణ ఇక్కడ పనికిరాదు.

నేను చెప్పేది అడుగుల గురించి. షాట్ కొట్టే క్షణానికి కీపర్ పాదాలు రెండూ నేల మీద ఉండాలి, బరువు మునివేళ్ల మీద, చేతులు శరీరానికి కాస్త ముందు. ఆ క్షణంలో ఇంకా అడుగు వేస్తూ ఉంటే ఎటు దూకాలన్నా ఆలస్యమే. పెనాల్టీ దూరం 11 మీటర్లు, గట్టిగా తంతే బంతి అర సెకను లోపే గీత దాటుతుంది, సర్దుకునే వ్యవధి ఎక్కడిది? ఈ లోపాన్ని వీడియో పెట్టుకుని రోజూ దిద్దాలి. చిన్న క్లబ్‌లలో కీపర్ కోచ్ చాలాసార్లు పూర్తికాలం ఉండడు. బంతిని పక్కకి కాక మధ్యలోకి నెట్టే అలవాటు ఒక్క సీజన్‌లో ముదిరిపోతుంది. 2019 నుంచి గోల్‌కిక్‌ని (గోల్ ముందు నుంచి ఆట తిరిగి మొదలుపెట్టే తన్నుని) సొంత పెనాల్టీ బాక్స్ లోపలే అందుకోవచ్చు కాబట్టి సొంత క్లబ్ చిన్న పాస్‌లు నేర్పుతుంటే, అక్కడ మాత్రం దూరంగా తన్నమంటారు.

ఎడమబ్యాక్
ఇటలీ కీపర్లనే చూడండి, బఫన్ 17 ఏళ్లకే పార్మాకి ఆడాడు, డోనరుమ్మా 16కే మిలాన్‌కి. సత్తా ఉంటే చర్చ ఎందుకు?

రెండోపోస్ట్
వాళ్లని కొలబద్ద చేస్తే మిగతా కీపర్లంతా ఇంటికెళ్లాల్సిందే బ్రో. ఇంగ్లండ్ కీపర్ పిక్‌ఫర్డ్ దారి చూడు: డార్లింగ్టన్, ఆల్‌ఫ్రెటన్, బర్టన్, కార్లైల్, బ్రాడ్‌ఫర్డ్, ప్రెస్టన్. అన్నీ లోన్లే.

గ్లవ్స్‌మనిషి
అర్జెంటీనా కీపర్ ఎమిలియానో మార్టినెజ్ కూడా ఆర్సెనల్ నుంచి అలాగే తిరిగాడు. గెటాఫేలో ఏం జరిగింది? ఎక్కువగా బెంచీయే. లోన్ అంటే ఆట అని మీరు ఖాయం చేసేస్తున్నారు. 2020లో ఆర్సెనల్ మొదటి కీపర్ లెనో గాయపడ్డాక గానీ అతనికి దారి తెరుచుకోలేదు.

రెండోపోస్ట్
2019లో రీడింగ్‌కి ఆడిన ఆ సగం సీజన్ మాటేమిటి?

గ్లవ్స్‌మనిషి
రీడింగ్ సరే, గెటాఫేకి జవాబు చెప్పండి.

త్రోఇన్
ఇద్దరూ మార్టినెజ్‌ని వదిలి అసలు ప్రశ్నకి రండి.

గ్లవ్స్‌మనిషి
అసలు ప్రశ్న అదే. లోన్ కీపర్ రెండు తప్పులు చేస్తే మూడో మ్యాచ్‌కి బెంచీ మీద ఉంటాడు. సొంత కీపర్ అయితే ఓపిక పడతారు, రేపు అమ్ముకుంటే డబ్బొస్తుంది కాబట్టి. పరాయి కుర్రాడి మీద ఆ ఓపిక ఎందుకు? మేం తయారుచేసిన పిల్లవాణ్ని ఒక క్లబ్ ఇలాగే పక్కన పడేసింది, కనీసం ఫోన్ చేసి చెప్పలేదు. ఆ పిల్లవాడి నమ్మకాన్ని తిరిగి నిలబెట్టాల్సింది మేమే. మీకేం, పంపించేయమంటారు!

రెండోపోస్ట్
గొంతు పెంచితే వాదన నెగ్గదు. మీ పద్ధతిలో ఆ పిల్లవాడు 25 ఏళ్లకి చక్కటి సాధన కీపర్ అవుతాడు, అంతే. వారమంతా ఫార్వర్డ్‌ల షాట్లకి నిలబడటం, శనివారం మొదటి కీపర్‌కి వార్మప్ చేయించటం.

గ్లవ్స్‌మనిషి
ఇప్పుడు బయటపడింది మీ మనసులో మాట. రెండో కీపర్ పనిని మీరు ఓటమి కింద లెక్కేస్తున్నారు. అది కూడా వృత్తే. ఆట మధ్యలో మొదటి కీపర్ ఎర్రకార్డు తింటే, ఒళ్లు చల్లారి ఉన్న స్థితిలో దిగి మొదటి బంతికే పెనాల్టీ ఎదుర్కొనేది ఎవరు? స్కాట్ కార్సన్ అయితే మాంచెస్టర్ సిటీలో ఏళ్ల తరబడి మూడో కీపర్‌గానే ఉన్నాడు. అతని జీవితం వృథానా?

రెండోపోస్ట్
కాదు. కానీ కార్సన్ ఆ కుర్చీలోకి వచ్చింది 33 ఏళ్లకి. అంతకుముందు ఇంగ్లండ్‌కి ఆడాడు, వెస్ట్ బ్రామ్, డెర్బీ, విగాన్‌లలో సీజన్ల కొద్దీ గోల్ కాశాడు. సిటీ నమ్మింది ఆ అనుభవాన్నే. 20 ఏళ్లకే ఆ కుర్చీలో కూర్చోబెట్టడం వేరు. రెండో కీపర్ పని మీద నాకు గౌరవం ఉంది, ఆడకుండా ఆ పనికి తయారవటం మీదే లేదు.

మైదానంగీత
అయితే లోన్ ఒప్పందంలో ఏం చూడాలి?

గ్లవ్స్‌మనిషి
వెళ్లక తప్పదనుకుంటే, ముందు అక్కడున్న మొదటి కీపర్ వయసెంత, ఒప్పందం ఎన్నాళ్లుందో చూడండి. అతనికి ఇంకా రెండేళ్లు మిగిలి ఉంటే వెళ్లొద్దు. జనవరిలో వెనక్కి పిలిచే షరతు రాయించండి. ప్రతి మ్యాచ్ వీడియో సొంత క్లబ్ కీపర్ కోచ్‌కి చేరాలి. కోచ్ నోటిమాట మీద మాత్రం సంతకం వద్దు, నవంబరులో ఆ కోచ్‌నే తీసేస్తే ఎవరిని అడుగుతారు?

రెండోపోస్ట్
షరతులన్నీ ఒప్పుకుంటాను. జనవరిలో పిలిచేది మళ్లీ బెంచీకైతే మాత్రం ఒప్పుకోను, ఇంకో క్లబ్‌కి పంపాలి.

గ్లవ్స్‌మనిషి
ఏ క్లబ్‌కో పేరు చెప్పగలిగినప్పుడు పంపుదాం. అందాకా నా దగ్గరే ఉంటాడు.