ఫ్రిస్కోలో ఆరు నెలలు: పిల్లలు పనిలో పడ్డాక మాకు మాట్లాడే మనుషులు ఎలా దొరుకుతారు?

అరండల్‌పేట_63 (గుంటూరు) అడిగిన ప్రశ్న:

ఇద్దరం రిటైరయ్యాం. నాకు 63, మా ఆవిడకి 60. మార్చి నెలాఖరుకి విజిటర్ వీసా మీద డాలస్ పక్కన ఫ్రిస్కోలో అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. ఆరు నెలలు ఉంటాం. అబ్బాయికి అక్కడి పౌరసత్వం ఉంది కాబట్టి, నచ్చితే మరో రెండేళ్లకి గ్రీన్‌కార్డు సంగతి చూస్తాం.

ఇక్కడ పొద్దున ఎన్టీఆర్ స్టేడియంలో నడక, ఆ తర్వాత కాసేపు కబుర్లు, సాయంత్రం గుడి. అక్కడ ఎనిమిదింటికల్లా కొడుకూ కోడలూ ఎవరి పనిలో వాళ్లు పడతారు. మాకు కారు నడపడం రాదు. మా ఆవిడకి ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే మొహమాటం. చూడాల్సిన ఊళ్ల జాబితా వద్దండీ, అది అబ్బాయి చూసుకుంటాడు. రోజూ పలకరించే మనుషులు ఎక్కడ, ఎలా, ఎన్నాళ్లకి దొరుకుతారో తెలిసినవాళ్లు చెప్పండి.

పటమట_వాకర్ (విజయవాడ):

అరండల్‌పేట గారూ, ముందు ఒక లెక్క వేసుకుందాం. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారాలంటే ఇద్దరూ కలిసి సుమారు 50 గంటలు గడపాలి, స్నేహితుడు అని చెప్పుకోవాలంటే 90, ఆప్తుడు కావాలంటే 200 పైన అని తేలింది. ఊరు మారినవాళ్లనీ, కాలేజీలో కొత్తగా చేరినవాళ్లనీ అడిగి కట్టిన అంకెలివి. మన వయసుకి అటూఇటూ అయినా లెక్క పనికొస్తుంది. ఆదివారం గుడిలో రెండు గంటలు మాత్రమే కలిస్తే 50 గంటలకి 25 వారాలు కావాలి. అప్పటికి మీరు సూట్‌కేసులు సర్దుకుంటూ ఉంటారు. అదే మనిషితో వారానికి ఐదు రోజులు, రోజుకి గంట నడిస్తే పది వారాలు. అంటే జూన్ మొదటి వారానికి స్నేహం కుదిరినట్టే.

కాబట్టి పెద్ద వేడుకల కోసం చూడకండి. ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే ఒక చోటు, మారని వేళ, ఈ రెండూ ముఖ్యం. ఫ్రిస్కోలో చాలా కాలనీలకి చెరువు చుట్టూనో, పార్కులోనో నడక దారి ఉంటుంది. దిగిన మొదటి వారమే మీ అబ్బాయితో ఒకటి రెండు దారులు తిరిగి చూసి ఒకటి ఖాయం చేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఏ వేళైనా హాయిగా ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం 38 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి పొద్దున ఏడింటికి అలవాటు చేసుకుంటే చివరిదాకా మార్చక్కర్లేదు.

చిన్న కిటుకు: మొదటి వారం అందరూ తిరిగే దిక్కుకి ఎదురు నడవండి. ఒక్కో చుట్టులో ఒక్కో మనిషి రెండుసార్లు ఎదురవుతారు. మూడో రోజుకి వాళ్లే చెయ్యి ఊపుతారు. రెండో వారం నుంచి వాళ్లతో పాటు తిరగండి. అక్కడ ఎదురుపడినవాళ్లకి 'గుడ్ మార్నింగ్' చెప్పడం మామూలు మర్యాద, స్నేహానికి ఒప్పుకున్నట్టు కాదు. దాన్ని ముందుకు జరపాల్సింది మీరే. మూడో నాలుగో పలకరింపుకి ఆగి మీ పేరు చెప్పండి. రెండో వారంలో ఫోన్ నంబరు. మూడో వారంలో 'శనివారం పదింటికి టీకి రండి, పదకొండున్నర దాకా కూర్చుందాం' అని మొదలూ ముగింపూ రెండూ చెప్పి పిలవండి. 'ఎప్పుడైనా రండి' అంటే అక్కడ ఎవరూ రారు. అది పిలుపు కాదు, మర్యాదకి అన్న మాట అనుకుంటారు.

బడి బస్సు ఆగే చోటు కూడా మంచిదే, మనవళ్లని ఎక్కించడానికి వచ్చే తాతలూ అమ్మమ్మలూ అక్కడే కనిపిస్తారు. కాకపోతే టెక్సాస్‌లో బడులు మే నెలాఖరుకి మూసి ఆగస్టు మధ్యలో తెరుస్తారు. ఏప్రిల్, మే నెలల్లోనే ఫోన్ నంబర్లు తీసుకోకపోతే ఆ పరిచయాలు అక్కడే తెగిపోతాయి. వేసవిలో అదే జనం సాయంత్రాలు కాలనీ ఈతకొలను దగ్గర ఉంటారు. లోపలికి వెళ్లడానికి తాళం కార్డు కావాలి, మీ అబ్బాయిని ముందే అడగండి.

లక్ష్మీపురం_వదిన (గుంటూరు):

అన్నయ్య గారూ, ఇది వదిన గారి కోసం రాస్తున్నాను.

ఇంగ్లీషు సంగతి ముందు. అక్కడి పబ్లిక్ లైబ్రరీలు చాలావాటిలో ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకునే ఉచిత తరగతులు నడుస్తాయి. ఫ్రిస్కో లైబ్రరీ 2023లో పెద్ద కొత్త భవనంలోకి మారింది. కార్యక్రమాల పట్టిక వాళ్ల సైట్లోనే ఉంటుంది. పుస్తకాలు తెచ్చుకోవడానికి కార్డు కావాలి, దానికి చిరునామా రుజువు అడుగుతారు. తరగతిలో కూర్చోవడానికి సాధారణంగా అది అక్కర్లేదు. అక్కడికి వచ్చేవాళ్లు చైనా, కొరియా, మెక్సికో, ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు. అందరికీ తడబాటే కాబట్టి మొహమాటం తొందరగా పోతుంది. మనవాళ్లతోనే తిరిగితే ఆరు నెలలైనా ఆ నోరు పెగలదు. వెళ్లే ముందు ఇంట్లో ఐదు వాక్యాలు గట్టిగా పలికి అలవాటు చేసుకోమనండి: నా పేరు, ఎక్కడి నుంచి వచ్చాం, ఏ ఇంట్లో ఉంటున్నాం, ఎన్నాళ్లు ఉంటాం, మీకు టీ ఇష్టమా. మొదటి పది నిమిషాలు వీటితో గడిచిపోతాయి.

రెండోది గుడి. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ ఆలయం ఉంది. దర్శనం చేసుకుని ప్రసాదం తిని వచ్చేస్తే ఎవరూ పరిచయం కారు. ఏ గుడిలోనైనా సేవ ఏమేం ఉందో కౌంటర్లో అడిగి, వారంలో ఒకే రోజు, ఒకే పని తీసుకోండి. పూలు కట్టడం, కూరగాయలు తరగడం, చెప్పుల దగ్గర నిలబడటం ఏదైనా సరే. పక్కపక్కన కూర్చుని చేతులతో పని చేస్తుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. విష్ణు సహస్రనామం, లలితా సహస్రనామం ఇళ్లలో వంతులవారీగా చదువుకునే ఆడవాళ్ల గుంపులు దొరికేది కూడా అక్కడే.

పిలుపు వచ్చి పాట్‌లక్‌కి వెళ్తే పులిహోర మంచి ఎంపిక. కిలో బియ్యంతో చేస్తే ఒక లోతైన హాఫ్ అల్యూమినియం ట్రే నిండుతుంది, పదిహేను మందికి సరిపోతుంది. అందరూ వంటలు తెస్తారు కాబట్టి అంతకు మించి వద్దు. వేరుశనగ గుళ్లు మాత్రం విడిగా గిన్నెలో పెట్టి, 'పీనట్స్' అని ఇంగ్లీషులో చీటీ అంటించండి. ఆ ఎలర్జీ ఉన్న పిల్లలకి ఒక్క గింజ నోట్లో పడినా ప్రాణం మీదికి రావచ్చు. పోపులో వేరుశనగ నూనె వాడితే అదీ చెప్పాలి.

ఇంకొకటి, ఇది కాస్త నొప్పిగానే ఉంటుంది. చాలామంది ఆడవాళ్లకి అక్కడ స్నేహాలు కుదరకపోవడానికి కారణం ఇంగ్లీషు కాదు, తీరిక. వంట, మనవడు, బట్టల మడతలు కలిసి రోజంతా తినేస్తాయి. వెళ్లక ముందే ఫోన్లో కొడుకూ కోడలితో 'మంగళ, గురువారాలు పది నుంచి ఒంటిగంట దాకా అమ్మ బయట ఉంటుంది' అని ఖాయం చేసుకోండి. వెళ్లాక అడిగితే ఆ వేళలు దొరకవు. పక్కింటివాళ్లు 'ఆంటీ, మా పాపని కూడా చూస్తారా, డబ్బులిస్తాం' అనవచ్చు. పచ్చళ్లు పెట్టి అమ్మమని కూడా అడుగుతారు. విజిటర్ వీసా మీద డబ్బు తీసుకుని ఏ పనీ చేయకూడదు. 'వీసాకి కుదరదమ్మా' అని ఒక్క ముక్కలో చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

గన్నవరం_గేట్ (విజయవాడ):

కారు లేని సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. డాలస్ ప్రాంతంలో బస్సులూ రైళ్లూ నడిపేది డార్ట్. ఫ్రిస్కో అందులో సభ్య నగరం కాదు, కాబట్టి మన సిటీ బస్సులాగా వీధి చివర ఎక్కేయడం కుదరదు. ఉబర్‌లో మీ అబ్బాయి తన ఫోన్ నుంచే మీ పేరు మీద బండి పెట్టగలడు, నంబరు ప్లేటు వివరాలు మీ ఫోన్‌కి మెసేజీగా వస్తాయి. అందుకు మీ దగ్గర అమెరికా నంబరు ఉండటం మేలు. వారానికి రెండు రానుపోను ప్రయాణాలు అని ముందే ఒప్పందం చేసుకుంటే ప్రతిసారీ అడిగే ఇబ్బంది ఉండదు. మొదటి రెండుసార్లు ఎవరినైనా వెంట తీసుకెళ్లండి.

అలా వెళ్లదగ్గ చోటు ఒకటి చెప్తాను. ఫ్రిస్కో నగరపాలక సంస్థ 50 దాటినవాళ్ల కోసం 'ది గ్రోవ్ ఎట్ ఫ్రిస్కో కామన్స్' అనే కేంద్రం నడుపుతోంది. వ్యాయామం, ఆటలు, చేతిపనులు ఉంటాయి. పాస్‌పోర్టు, అబ్బాయి ఇంటి చిరునామాతో వెళ్లి, విజిటర్లకి సభ్యత్వం ఇస్తారా, రుసుము ఎంత అని కౌంటర్లోనే అడగండి. పక్క ఊరు ప్లేనోలో ఉండేవాళ్లకి శామ్ జాన్సన్ రిక్రియేషన్ సెంటర్ అలాంటిదే. రోజుకొక తరగతి రుచి చూడకుండా ఒక్కటే ఎంచుకుని వారం వారం వెళ్లండి, పైన చెప్పిన గంటల లెక్క ఇక్కడా వర్తిస్తుంది.

తెలుగువాళ్లే కావాలంటే టాంటెక్స్ అని ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం ఉంది. వాళ్లు జరిపే 'నెలనెలా తెలుగు వెన్నెల' సాహిత్య సభలో మన వయసువాళ్లు కనిపిస్తారు. నెలకొకసారే కాబట్టి అక్కడ స్నేహం పండదు. మీ కాలనీకి దగ్గర్లో ఉండేవాళ్లెవరో కనిపెట్టి నంబరు తెచ్చుకోవడానికి మాత్రం అంతకంటే మంచి చోటు లేదు.

గుంపులు ఎలా చెడతాయో కూడా తెలిసి ఉండాలి. కృష్ణా, గుంటూరువాళ్లు నలుగురు చేరితే రెండో రోజుకి అమరావతి ప్లాట్ల రేట్లు, మూడో రోజుకి పార్టీలు, నాలుగో రోజుకి 'మీ ఇంటిపేరు ఏమిటన్నారు?' అక్కడ ఉన్నదే పదిమంది. ఆ పదిమంది రెండుగా చీలితే మీకు మిగిలేది ఐదుగురు. కోడలి మీద నొచ్చుకున్న మాట కూడా పార్కులో అనకండి, ఆ ఊళ్లో అందరి పిల్లలూ ఒకే వాట్సాప్ గ్రూపుల్లో ఉంటారు, సాయంత్రానికి ఇంటికి చేరుతుంది. అమెరికన్ల దగ్గర జీతం, వయసు, పిల్లలెందుకు లేరు అనే ప్రశ్నలు వద్దు. అడగకుండా పరాయి పిల్లల్ని ఎత్తుకోవడం, ఫోటో తీయడం అసలే వద్దు.

చివరగా తేదీ. మీరు ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పేది వీసా మీది తేదీ కాదు, దిగినప్పుడు ఇచ్చే ఐ-94 అనే ప్రవేశ రికార్డులోని తేదీ. దిగిన మర్నాడే ఆన్‌లైన్‌లో చూసుకోండి. ముందు ముందు గ్రీన్‌కార్డు తీసుకుంటే, ఏడాదికి మించి గుంటూరులో ఉండాలనుకున్నప్పుడు అమెరికాలో ఉండగానే రీఎంట్రీ పర్మిట్‌కి (తిరిగి రావడానికి అనుమతి పత్రం) దరఖాస్తు పెట్టాలి. ఆరు నెలలు దాటి బయట ఉంటే పౌరసత్వం కోసం లెక్కించే నివాసకాలం దగ్గర చిక్కు వస్తుంది.

అరండల్‌పేట_63:

అందరికీ కృతజ్ఞతలు. ఎదురు నడిచే కిటుకు, మంగళ-గురువారాల ఒప్పందం రెండూ రాసుకున్నాను. ఒక్క సందేహం. ఇక్కడ స్టేడియం మిత్రులతో ఆరు నెలలు తెగిపోకుండా ఏం చేయాలి? గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపుకోవడం తప్ప ఏమీ జరగడం లేదు.

పటమట_వాకర్:

బొమ్మలు మానేసి వారానికి ఒక్క వీడియో కాల్ పెట్టుకోండి, అదీ వాళ్లు ఒకచోట చేరి ఉన్న వేళకి. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. కాబట్టి మీరున్నన్నాళ్లూ తేడా పదిన్నర గంటలే, మధ్యలో మారదు. ఫ్రిస్కోలో రాత్రి ఎనిమిది అంటే గుంటూరులో మర్నాటి పొద్దున ఆరున్నర. మీవాళ్లు నడక ముగించి కూర్చునే వేళ. జూన్‌లో అక్కడ ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, మీరు ఇంటి ముందు కుర్చీ వేసుకుని మాట్లాడవచ్చు. శుక్రవారం రాత్రి పెట్టుకుంటే ఇక్కడ శనివారం. ఇక్కడ ఫోన్ పట్టుకునే బాధ్యత ఒక్కరికే అప్పగించండి, అందరి పనీ అంటే ఎవరూ చేయరు. మీ ఇండియా సిమ్ రీఛార్జ్ ఆపకండి, ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించుకోండి. అక్కడ ఫోన్ మారిస్తే వాట్సాప్ కోడ్ ఆ నంబరుకే వస్తుంది.