గింజలో జింక్ ఎక్కువుండే వరి వెయ్యమంటున్నారు సరే, బీపీటీ (సాంబ మసూరి) మానేసి ఎందుకు వెయ్యాలి?

మాగాణి: ఆ జింక్ వరి రకం డీఆర్ఆర్ ధాన్ 45 ని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ ఐఐఆర్ఆర్ 2016లో ఇచ్చింది. పాలిష్ బియ్యంలో జింక్ 22.6 పీపీఎం (కిలోకి అన్ని మిల్లీగ్రాములు) అంటున్నారు, మామూలు రకాల్లో 12–16. కంచంలోకి వచ్చేసరికి ఆ తేడా ఎంత?

గింజలెక్క: రోజుకి 400 గ్రాముల బియ్యం తింటే 14 పీపీఎం రకంతో 5.6 మిల్లీగ్రాములు, దీంతో 9. మగవాళ్లకి రోజుకి 17 కావాలి. వంట మార్చకుండా మూడున్నర దాకా అదనం.

తవుడు: దంపుడు బియ్యం తింటే పోలా?

గింజలెక్క: ఫైటేట్ అనే పదార్థం కూడా తవుడులోనే ఎక్కువండీ, అది జింకుని ఒంటికి పట్టనివ్వదు. పాలిష్ పట్టాక ఐరన్ చాలావరకు పోతుంది. జింక్ గింజ లోపల కూడా ఉంటుంది కాబట్టే వరిలో దాని మీద పనిచేశారు.

మాగాణి: సాంబ మసూరికి ఎండాకు తెగులు తట్టుకునే మూడు జన్యువులు ఎక్కించి 2008లో ఇచ్చారుగా. జింకుని కూడా అలాగే బీపీటీలో పెట్టండి. మార్కెట్ అడిగేది ఆ గింజనే.

గింజలెక్క: తెగులు తట్టుకునే జన్యువుకి మార్కర్ (అది మొక్కలోకి వచ్చిందో లేదో చూపే గుర్తు) పెట్టి, మళ్లీ మళ్లీ బీపీటీతోనే సంకరం చేస్తే పని అవుతుంది. జింకుని నడిపేవి తలా కొంచెం ప్రభావం చూపే జన్యువులు, చాలా ఉన్నాయి. దిగుబడి పెరిగితే గింజలో జింక్ పలచబడుతుంది కూడా. నేలలో జింక్ లేకపోతే ఏ రకమూ ఇవ్వలేదు. ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ దుక్కిలో వెయ్యాలి, డీఏపీతో కలపకుండా.

మాగాణి: అంటే మందు వల్ల వచ్చే జింకే! ఇక రకం దేనికి? పూత అయ్యాక లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేట్, 2.5 గ్రాముల సున్నం కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే బీపీటీలోనూ పెరుగుతుందిగా.

గింజలెక్క: పెరుగుతుంది, ఏటా కొట్టాలి. విత్తనంలో ఉన్నది ఏటా కొనక్కర్లేదు. ఇది హైబ్రిడ్ కాదు, కేళీలు (వేరే రకం మొక్కలు) ఏరేస్తే సొంత విత్తనం కట్టుకోవచ్చు.

పరీక్షగది: 22.6 అనే అంకెను పట్టుకునే ముందు నమూనా ఎలా తీశారో అడగండి. రబ్బరులో జింక్ ఉంటుంది, రబ్బరు రోలర్‌తో పొట్టు తీస్తే రీడింగ్ పైకి పోతుంది. గాల్వనైజ్డ్ రేకు తగిలినా అంతే. మట్టి దుమ్ము కలిస్తే ఐరన్ రీడింగ్ తప్పుతుంది.

మాగాణి: అంకె సంగతి వదిలేయండి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపు ఉందా, తాలు ఎంత, ఏ గ్రేడ్ అని చూస్తారు. జింక్ చూసే మనిషి లేడు, దానికి రూపాయి కలిపే మనిషీ లేడు. పేదవాడి బిడ్డ ఆరోగ్యం ఖర్చు రైతు మీదే ఎందుకు?

గింజలెక్క: పొద్దున్నుంచీ జన్యువులూ పిచికారీలూ అని తిప్పారు. ఇదేనా అసలు మాట? ముందే చెప్పాల్సింది.

మాగాణి: ఇప్పుడు చెప్తున్నాగా! క్వింటా ధాన్యానికి 67 కిలోల బియ్యం లెక్కన మిల్లు ఇస్తుంది. అక్కడ నా ధాన్యం పదిమంది ధాన్యంతో కలిసిపోతుంది. జింక్ పంచుకోవడంలోనే పలచబడుతుంది.

గింజలెక్క: ఈ మాట ఒప్పుకుంటున్నాను. విడిగా కొని, విడిగా ఆడించి, ఆ మండలంలోని అంగన్‌వాడీలకే పంపితేనే అర్థం ఉంది.

తవుడు: ఆడించే ముందు మిల్లు బిన్నులు ఖాళీ చేయించాలి. హార్వెస్టర్ డబ్బాలో మిగిలిన గింజలు కూడా దులపాలి, కల్తీ మొదలయ్యేది అక్కడే.

మాగాణి: రేటు రాసిచ్చాక అవన్నీ మేమే చేస్తాం.