ఆఫ్రికా పల్లె జీవితాన్ని చూపే బొమ్మల పుస్తకాలు

ప్రశ్న: ఏడేళ్ల మా పాప దృష్టిలో ఆఫ్రికా అంటే సింహాలు, ఏనుగులే. అక్కడి పల్లెల్లో పిల్లల మామూలు దినచర్యను, ఫలానా దేశమని స్పష్టంగా చెబుతూ చూపే పుస్తకాలను సూచించగలరా?

మొదటి జవాబు: నైజీరియాలో పుట్టిన ఇఫియోమా ఒన్యెఫులు స్వయంగా ఫొటోలు తీసి రాసిన ‘ఎమెకాస్ గిఫ్ట్’ (1995) చూడండి. పక్క ఊళ్లోని అవ్వను చూడబోతున్న పిల్లవాడు దారిలో కనిపించినవాటిని లెక్కపెడుతూ వెళ్తాడు కనుక, అంకెలతో పాటు సంతకు వెళ్లే స్త్రీలు, చీపుర్లు, నీటి కుండలు కూడా పిల్లల కళ్లకు ఎంతో సహజంగా పరిచయమవుతాయి. బొమ్మలకన్నా ఫొటోలే ఈ వయసుకు మంచివని నా అభిప్రాయం.

రెండవ జవాబు: ఫొటోల విషయంలో నేను ఏకీభవించలేనండి. టాంజానియా రచయిత టోలోల్వా మోలెల్ రాసిన ‘మై రోస్ అండ్ పైల్స్ ఆఫ్ కాయిన్స్’ (1999)కు ఇ. బి. లూయిస్ వేసిన నీటిరంగుల చిత్రాలు, సంతకు సరుకు మోసే తల్లికి సాయపడేందుకు సైకిలు కొనాలని నాణేలు కూడబెట్టే సరూని అనే పిల్లవాడి మనసును ఎంతో ఆర్ద్రంగా పట్టుకున్నాయి. పేదరికాన్ని జాలిగా కాక, పనిని గౌరవంగా చూపిన పుస్తకమిది.

మూడవ జవాబు: దక్షిణాఫ్రికా సంస్థ సయిడే నడిపే ‘ఆఫ్రికన్ స్టోరీబుక్’ వెబ్‌సైటులో, అనేక ఆఫ్రికా భాషల్లోనూ ఇంగ్లీషులోనూ బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. నాణ్యత అన్నింటిలో ఒకేలా ఉండదు కనుక, ముందుగా మీరు చదివి ఎంచుకోండి.