ఏడో ఫొటో ఎవరిది? ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్న క్రీడాకారులు, ఆటనే మార్చిన క్రీడాకారులు (చర్చ)

గోడపత్రిక:
మా పాఠశాల గ్రంథాలయంలో ఒక గోడను ప్రపంచ క్రీడాకారుల కోసం కేటాయించి, పన్నెండు ఫొటోలను ఎంపిక చేసే పని నాకు అప్పగించారు. ముహమ్మద్ అలీ, పెలే, మైకేల్ జోర్డన్, ఉసేన్ బోల్ట్, సెరీనా విలియమ్స్, మెస్సీ అని మొదటి ఆరు పేర్లు రాయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఏడో పేరుగా మా వ్యాయామ ఉపాధ్యాయుడు డిక్ ఫాస్బరీని సూచించినప్పుడు మాత్రం ఉపాధ్యాయుల గదిలో ఆయనెవరో తెలిసినవారు మరొకరు లేకపోయారు. అయినా ఈ రోజు పోటీల్లో హైజంప్ చేసేవారంతా ఆయన పద్ధతిలోనే దూకుతారట. ఒక ఆట స్వరూపాన్నే మార్చిన మనిషిని లోకం మరచిపోవడం, మరికొందరిని తరాలు గడిచినా తలచుకోవడం ఎలా జరుగుతుందో, ఆటలతో దగ్గరి సంబంధం ఉన్నవారు తమ అనుభవం నుంచి చెబితే నాకు ఉపయోగపడుతుంది.

బార్‌కు_అవతల:
నేను పద్దెనిమిదేళ్లుగా హైజంప్ నేర్పిస్తున్నాను కనుక ఫాస్బరీ సంగతి చెబుతాను. ఆయనకు ముందు, బార్ మీదుగా బోర్లా పొర్లినట్లు దాటే స్ట్రాడిల్ పద్ధతిదే రాజ్యం. 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో ఆయన వంపుగా పరుగెత్తుకుంటూ వచ్చి, బార్‌కు వీపు తిప్పి, ముందు తల, చివర కాళ్లు వెళ్లేలా వెల్లకిలా దాటి, 2.24 మీటర్లతో స్వర్ణం గెలిచారు. ఒళ్లు విల్లులా వంగడం వల్ల శరీర గరిమనాభి (బరువు కేంద్రం) బార్‌కు కిందుగా వెళ్లినా మనిషి మాత్రం పైనుంచి దాటగలడు. ఈ పద్ధతి కిటుకంతా అందులోనే ఉంది. ఇసుక మీదో, రంపపు పొట్టు మీదో పడవలసిన రోజుల్లో ఇలా దూకితే మెడ మిగిలేది కాదు. మందపాటి ఫోమ్ పరుపులు అప్పుడప్పుడే వస్తుండటం ఆయనకు కలిసివచ్చింది. అదే కాలంలో కెనడాకు చెందిన డెబ్బీ బ్రిల్ కూడా ఆయనతో సంబంధం లేకుండానే ఇలాంటి పద్ధతిని పట్టుకున్నారు. అది తలచుకున్నప్పుడు, ఆ పరుపే ఎవరో ఒకరి చేత వెల్లకిలా దూకించి తీరేదేమో అనిపిస్తుంది.

ఫాస్బరీ ప్రపంచ రికార్డు ఎన్నడూ సాధించలేదు. 1972 ఒలింపిక్స్‌కు ఎంపిక కాలేదు. స్ట్రాడిల్‌తో చివరి ప్రపంచ రికార్డును 1978లో వ్లదీమిర్ యాష్చెంకో నెలకొల్పారు. క్యూబాకు చెందిన హవియెర్ సోటోమయోర్ 1993లో 2.45 మీటర్లు దాటింది ఫాస్బరీ చూపిన దారిలోనే.

నిరుడు నా దగ్గరికి కొత్తగా వచ్చిన పిల్లలకు 1968 వీడియో చూపించాను. వారు ఆశ్చర్యపోతారని ఎదురు చూస్తూ నిలబడ్డాను. పదమూడేళ్ల అమ్మాయి ఒకతె చివరిదాకా శ్రద్ధగా చూసి, "ఇందులో విశేషం ఏముంది సార్, అందరూ ఇలాగే దూకుతారు కదా!" అంది. నాకు నోట మాట రాలేదు.

రాత్రిడెస్క్:
దినపత్రిక క్రీడల విభాగంలో ఇరవై ఏళ్లు పనిచేశాను. మరణవార్తకు శీర్షిక పెట్టేటప్పుడు ఈ తేడా చాలా స్పష్టంగా బయటపడుతుంది. 2016 జూన్‌లో అలీ మరణించిన రోజున మేం ముగ్గురం మూడు శీర్షికలు రాశాం. వాటిలో ఒక్కదానిలోనూ 'బాక్సింగ్' అన్న మాట లేదు. ఆ సంగతి పేజీ అచ్చుకు వెళ్లాక గాని మాకు తట్టలేదు. 2023 మార్చిలో ఫాస్బరీ మరణించినప్పుడు ఆయన ఏం చేశారో చెప్పకుండా శీర్షిక పెట్టడం కుదరలేదు. ఆట పేరు చెప్పకపోయినా పాఠకుడికి అర్థమయ్యే వ్యక్తి ఎవరో, వివరణ అవసరమయ్యే వ్యక్తి ఎవరో మాకు అలా తెలిసిపోయేది.

అలీ విషయంలో బాక్సింగ్ అవసరం ఎందుకు లేకపోయిందంటే, ఆయన కథకు ఆట నియమాలు తెలియనక్కరలేదు. 1967లో, పాతికేళ్ల వయసులో, సైన్యంలో చేరనని నిరాకరించినందుకు ఆయన టైటిల్ లాక్కున్నారు. అయిదేళ్ల జైలు, పది వేల డాలర్ల జరిమానా విధించారు. అప్పీలు నడుస్తున్నందున జైలుకు వెళ్లకపోయినా, బాక్సర్ జీవితంలో అత్యంత విలువైన మూడున్నరేళ్లు రింగ్ బయటే గడిచిపోయాయి. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. 1974లో కిన్షాసాలో, అప్పటివరకు ఓటమి ఎరుగని జార్జ్ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండులో పడగొట్టి ఆయన పోయినదాన్ని తిరిగి తెచ్చుకున్నారు. ఇక 1996 అట్లాంటాలో, పార్కిన్సన్స్ వ్యాధితో వణుకుతున్న చేతితో ఒలింపిక్ జ్యోతి వెలిగించిన దృశ్యం ఒక్కటి చాలు. పోగొట్టుకోవడం, తిరిగి రావడం, ముసలితనం అన్నవి ఏ భాషవారికైనా తెలిసినవే.

మూడోవరుస:
రాత్రిడెస్క్ గారితో ఏకీభవిస్తూనే ఇంకొక మాట కలుపుతాను. కొన్నాళ్లు బాక్సింగ్ నేర్చుకున్నప్పుడు, అలీలా చేతులు కిందికి వదిలేసి నిలబడ్డానని శిక్షకుడి చేత బాగా తిట్లు తిన్నాను. అలీ పాదాలు, అలీ చూపు ఉన్నవాడికే ఆ విద్య చెల్లుతుంది. మిగిలినవాళ్లకు దవడ పగులుతుంది. ఫాస్బరీ దూకే పద్ధతి అలా కాదు, పదమూడేళ్ల పిల్లకు కూడా నేర్పవచ్చు. నేర్పదగినది అందరి సొత్తయి సృష్టికర్త నుంచి విడిపోతుంది, నేర్పలేనిది ఆ మనిషి దగ్గరే ఉండిపోతుంది. నా మటుకు నాకు ఈ చర్చలో అసలు తేడా ఇదేననిపిస్తోంది.

చలిమైదానం:
అయితే సృష్టికర్త పేరు మిగిలి, మనిషి మాయమైన సందర్భాలను ఏమనాలి? ఫిగర్ స్కేటింగ్‌లో 'ఆక్సెల్' అనే దూకుడు పేరు టీవీ చూసే ప్రతివారూ వింటారు. అది 1882లో దాన్ని ప్రదర్శించిన నార్వే స్కేటర్ ఆక్సెల్ పాల్సెన్ పేరు. నేను ఎనిమిదేళ్లు స్కేటింగ్ చేసిన తరువాత గాని అది ఒక మనిషి పేరని నాకు తెలియలేదు. అదేదో సాంకేతిక పదం అనుకున్నాను.

ఒప్పందం:
దూకుళ్లు, గుద్దులే కాక కాగితాల మీద జరిగిన మార్పులను కూడా లెక్కలోకి తీసుకోమని మనవి. ఆటగాళ్ల కాంట్రాక్టులు చూసే కార్యాలయంలో పనిచేస్తున్నాను. 'బోస్మాన్' అన్న మాట పలకని వారం మాకు ఉండదు. జాన్-మార్క్ బోస్మాన్ బెల్జియంలో ఒక సాధారణ ఫుట్‌బాల్ ఆటగాడు. 1990లో లీజ్ నగరపు క్లబ్‌తో కాంట్రాక్టు ముగిశాక ఫ్రాన్స్‌లోని డంకర్క్‌కు వెళ్లాలనుకున్నా, గడువు తీరిన ఆటగాడికి కూడా ట్రాన్స్‌ఫర్ ఫీజు వసూలు చేసే పద్ధతి వల్ల వెళ్లలేకపోయారు. యూరోపియన్ న్యాయస్థానం 1995 డిసెంబరు 15న ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. కాంట్రాక్టు ముగిసినవారికి యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య స్వేచ్ఛ లభించింది. ఒక జట్టులో ఇంతమంది విదేశీయులే ఉండాలన్న పరిమితి కూడా ఆ దేశాల ఆటగాళ్ల విషయంలో పోయింది. నేటి పెద్ద క్లబ్బుల జట్లు ఇన్ని దేశాల ఆటగాళ్లతో నిండి ఉండటానికి ఆ తీర్పు ప్రధాన కారణం. అప్పటికి బోస్మాన్ ఆట కాలం దాదాపు ముగిసిపోయింది.

అంతకు ముందు అమెరికా బేస్‌బాల్‌లో కర్ట్ ఫ్లడ్‌ది ఇంకా చేదు కథ. పన్నెండు సీజన్లు ఆడిన సెయింట్ లూయిస్ జట్టు 1969లో తనను ఫిలడెల్ఫియాకు బదిలీ చేస్తే, తాను వస్తువును కానంటూ దావా వేశారు. 1972లో సుప్రీంకోర్టులో 5-3 తేడాతో ఓడిపోయారు. 1975 చివరిలో మధ్యవర్తి నిర్ణయంతో ఆటగాళ్లకు స్వేచ్ఛ వచ్చేసరికి ఆయన మైదానంలో లేరు. కోర్టులో కూర్చున్న మనిషి ఫొటోకు ఎవరూ చప్పట్లు కొట్టరు. పోస్టర్ అచ్చు వేయరు.

బేస్‌లైన్:
అమెరికా టెన్నిస్ క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్ మైదానంలో మెరిసినవారి కోవలోనూ, కాగితాల మీద ఆటను మార్చినవారి కోవలోనూ ఉన్నారు. అయితే లోకం గుర్తుపెట్టుకున్నది ఆమె చేసిన పనుల్లో చిన్నదాన్ని. 1973 సెప్టెంబరు 20న హ్యూస్టన్‌లో 30 వేలకు పైగా ప్రేక్షకుల ముందు పురుషుల మాజీ ఛాంపియన్, 55 ఏళ్ల బాబీ రిగ్స్‌ను 6-4, 6-3, 6-3తో ఓడించడం అందరూ చెప్పుకుంటారు. అదే ఏడాది వింబుల్డన్‌కు కొద్ది రోజుల ముందు లండన్‌లోని ఒక హోటల్ గదిలో, తలుపులు వేయించి, క్రీడాకారిణులందరినీ ఒప్పించి, మహిళల టెన్నిస్ సంఘాన్ని స్థాపించిన సంగతి ఎంతమందికి తెలుసు? యూఎస్ ఓపెన్ పురుషులతో సమానమైన ప్రైజ్‌మనీ ఇవ్వడం కూడా 1973లోనే మొదలైంది. వింబుల్డన్‌కు ఆ బుద్ధి 2007లో గాని రాలేదు. గదిలో కెమెరా లేదు, హ్యూస్టన్‌లో ఉంది. అంతకు మించిన కారణం నాకు కనబడదు.

రాత్రిడెస్క్:
కెమెరా మాట నిజమే. పెలే 17 ఏళ్లకే 1958 ప్రపంచ కప్ గెలిచినా, మన కళ్లలో నిలిచిన పెలే 1970 నాటి పసుపు జెర్సీలో ఉంటారు, ఎందుకంటే ఆ కప్ రంగుల్లో ప్రసారమైంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఇద్దరు పిల్లల తల్లి అయిన నెదర్లాండ్స్ పరుగు క్రీడాకారిణి ఫానీ బ్లాంకర్స్-కోయెన్ నాలుగు స్వర్ణాలు గెలిచారు. రంగుల టీవీ కాలంలో పుట్టి ఉంటే ఆమె ఫొటో ఈ గోడ మీద మొదటి వరుసలో ఉండేది.

మూడోవరుస:
ఆట ఏయే దేశాల్లో ఉందన్నది కూడా మరవకూడదు. బ్రాడ్‌మన్ 99.94 సగటు క్రికెట్ ఆడని దేశంలో వట్టి అంకె. జోర్డన్‌కు బాస్కెట్‌బాల్‌తో పాటు 1985 నుంచి ఒక బూటు కూడా తోడైంది. మా అన్నయ్య కొడుకు ఆ బూట్లే వేసుకుంటాడు. వాటి మీద గాలిలో ఎగురుతున్న ఆ మనిషి ఎవరని అడిగితే, "మనిషి కాదు బాబాయ్, అది కంపెనీ గుర్తు" అన్నాడు. ఫాస్బరీ పద్ధతి అయి మాయమైతే, జోర్డన్ గుర్తు అయి మాయమవుతున్నారేమో.

గోడపత్రిక:
ఇవన్నీ చదివాక 1968 మెక్సికో సిటీ వైపే మళ్లీ మనసు పోతోంది. 200 మీటర్ల పరుగు పతకాలు అందుకుంటూ అమెరికా నల్లజాతి క్రీడాకారులు టామీ స్మిత్, జాన్ కార్లోస్ జాతివివక్షకు నిరసనగా నల్ల గ్లౌజు వేసుకున్న పిడికిళ్లు ఎత్తింది అక్టోబరు 16న, ఫాస్బరీ దూకింది 20న, అదే స్టేడియంలో. మొదటిది ఫొటోగా లోకమంతా తిరిగింది. అందులో పక్కనే ఉన్న మూడో మనిషి, రజతం గెలిచిన పీటర్ నార్మన్‌ను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు ఆయన పరుగెత్తిన 20.06 సెకన్లు ఇప్పటికీ ఆస్ట్రేలియా రికార్డు అని చదివాను.

రాత్రిడెస్క్:
చిన్న సవరణ. 2024 డిసెంబరులో గౌట్ గౌట్ అనే పదహారేళ్ల కుర్రవాడు 20.04 సెకన్లలో పరుగెత్తి ఆ రికార్డును దాటాడు. 56 ఏళ్లు నిలిచిందని రాసుకోండి.

బార్‌కు_అవతల:
గోడపత్రిక గారూ, ఫాస్బరీని పెట్టేటట్లయితే ముఖం ఉన్న ఫొటో వెతకకండి. బార్ మీద ఉన్నదే తీసుకోండి. ఆ పోటీలో ఆయన రెండు కాళ్లకు రెండు రంగుల బూట్లు వేసుకున్నారు. పిల్లలు ముందు దాని గురించే అడుగుతారు, దూకుడు గురించి తరువాత మీరు చెప్పవచ్చు.

గోడపత్రిక:
అయితే రంగుల ఫొటో వెతకాలి. నలుపు-తెలుపులో బూట్ల తేడా తెలియదు. ఏడో స్థానం ఆయనకు ఖాయం చేశాను. ఎనిమిదో స్థానానికి బోస్మాన్‌ను సూచించాను గాని, కోర్టు మెట్ల మీద కోటు వేసుకుని నిలబడిన మనిషి క్రీడల గోడకు ఎందుకని మా ప్రధానోపాధ్యాయురాలు అడుగుతున్నారు. ఒప్పందం గారూ, ఆయన బంతితో ఉన్న ఫొటో ఏదైనా మీ దృష్టిలో ఉంటే చెప్పగలరు.