‘గిలియడ్’ తర్వాత ఏది పట్టుకోవాలి?

అమెరికన్ రచయిత్రి మెరిలిన్ రాబిన్సన్ నవలలు చదివినవాళ్లుంటే కాస్త చెప్పండి. 2004లో వచ్చిన ‘గిలియడ్’ మొన్ననే పూర్తిచేశాను. 1956, అయోవాలో ఓ చిన్న ఊరు, గుండెజబ్బుతో ఉన్న ముసలి పాస్టర్ ఏడేళ్లు నిండని కొడుక్కి రాసే ఉత్తరం. మొదట్లో నిద్రొచ్చింది, అబద్ధమెందుకు. కానీ స్నేహితుడి కొడుకు జాక్ ఊరికి తిరిగొచ్చాక పాస్టర్ మనసులో మొదలయ్యే గుబులుంది చూశారూ, ఇక పుస్తకం వదల్లేకపోయాను.

‘హోమ్’ (2008) అవే రోజుల్ని జాక్ వాళ్లింటి వైపు నుంచి చెబుతుందట. ‘లైలా’ (2014), ‘జాక్’ (2020) ఇంకా వెనక్కి వెళ్తాయట. వచ్చిన వరుసలోనే చదవాలా? నేరుగా ‘జాక్’ చదివేస్తే మజా పోతుందా? ఇంకోటి, నాకు బైబిల్ అంతగా తెలియదు. క్రైస్తవ మత సంస్కర్త కాల్విన్ పేరొచ్చినప్పుడల్లా తికమకపడ్డాను. ముందుగా ఏమైనా చదువుకుని ఉంటే మంచిదా?