1969 షెవర్లే సీ-10 పికప్పు: ముందు ఇంజను మార్చాలా, తుప్పు సంగతి చూడాలా?

ప్రశ్న (ఒహాయో)

అందరికీ నమస్కారం. కొలంబస్‌కు దగ్గరలో ఒక పొలం కొట్టంలో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న 1969 నాటి షెవర్లే సీ-10 పికప్పును ఈ మధ్య కొన్నాను. టైటిల్ పత్రం నా పేరిట మారిపోయింది కాబట్టి ఆ చిక్కు లేదు. ఎనిమిది అడుగుల తొట్టి, 250 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను, స్టీరింగు స్తంభానికే గేరు కర్ర ఉండే మూడు గేర్ల అమరిక, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. ఇదీ బండి.

డ్రైవరు కాళ్లు పెట్టే చోట నేల రేకు చిల్లులు పడింది. తలుపుల వెనక క్యాబిన్ కింది మూలలు రెండూ వేలితో నొక్కితే పొడి రాలుతున్నాయి. ఛాసిస్ మాత్రం గట్టిగానే ఉన్నట్లు కనిపిస్తోంది. తలుపు తెరిస్తే పెట్రోలు వాసన గుప్పుమంటోంది. చూసిన మిత్రులందరూ ఆ ఆరు సిలిండర్ల ఇంజనును తీసేసి 350 ఘనపుటంగుళాల వీ-8 (ఎనిమిది సిలిండర్ల ఇంజను), ఆటోమేటిక్ గేరుబాక్సు పెట్టుకోమంటున్నారు. నాకు మాత్రం ఉన్నదాన్నే బాగు చేసుకోవాలని ఉంది. పానాలు పట్టడం వచ్చు, వెల్డింగ్ రాదు. బండిని పూర్తిగా విప్పేసి ఛాసిస్ నుంచి మొదలుపెట్టాలా, లేక విప్పకుండా ఒక్కొక్కటిగా చేసుకుంటూ పోవాలా? ఏది ముందు, ఏది తరువాత అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు (మిషిగన్)

ఇంజను చర్చను కాసేపు పక్కన పెట్టి ఆ వాసన సంగతి చూడండి. 1967 నుంచి 1972 వరకు వచ్చిన ఈ తరం షెవర్లే పికప్పుల్లో పెట్రోలు ట్యాంకు క్యాబిన్ లోపలే, సీటుకు వెనక నిలువుగా ఉంటుంది. మూత డ్రైవరు తలుపు వెనక, క్యాబిన్ పక్క గోడలో కనిపిస్తుంది. అంటే మీరు కూర్చునేది ట్యాంకుకు ఆనుకుని. సీటు తీసి, పెట్రోలు పోసే గొట్టానికీ ట్యాంకుకూ మధ్య ఉన్న రబ్బరు హోసును, ఇంధన మట్టం చూపే యూనిట్ కింది గాస్కెట్‌ను, గాలి పోయే సన్నని గొట్టాన్ని టార్చి వేసి పరీక్షించండి. ఆ రోజుల్లో రబ్బరు భాగాలను ఎథనాల్ కలవని పెట్రోలు కోసం చేశారు. ఇప్పుడు బంకుల్లో దొరికే పది శాతం ఎథనాల్ పెట్రోలు తగిలితే అవి మెత్తబడి పగులుతాయి. ట్యాంకు నుంచి కార్బురేటరు దాకా ఉన్న రబ్బరు ముక్కలన్నిటినీ, 30ఆర్9 అని ముద్ర ఉన్న హోసుతో మార్చండి. ట్యాంకును అక్కడి నుంచి తీసి తొట్టి కింద పెట్టుకునే కిట్లు కూడా దొరుకుతాయి. పాత రూపం అలాగే ఉండాలన్న పట్టుదల నాకు చాలా ఉన్నా, ఈ ఒక్క మార్పును మాత్రం నేను ఎవరికీ వద్దని చెప్పను.

తరువాత బ్రేకులు. జనరల్ మోటార్స్ 1967లోనే రెండు విభాగాల మాస్టర్ సిలిండరును పెట్టింది కాబట్టి, ముందు చక్రాల వైపు లీకయినా వెనకవైనా పని చేస్తాయి. అంతకు ముందటి బండ్లకు ఆ రక్షణ లేదు. అయినా ఏళ్లుగా నిలిచిపోయిన బండిలో పాత ద్రవం నీటిని పీల్చుకుని గొట్టాలను లోపలి నుంచి తినేసి ఉంటుంది. డ్రమ్ము తీసి, చక్రం దగ్గరి సిలిండరు చివరనున్న రబ్బరు తొడుగు అంచును చిన్న స్క్రూడ్రైవరుతో కొంచెం పైకి లేపి చూడండి. లోపల తడి కనిపిస్తే ఆ సిలిండరు పని అయిపోయినట్లే. పైకి బాగా కనిపించే రబ్బరు హోసులను నమ్మకండి. లోపలి పొర ఉబ్బి దారి మూసుకుపోతే, బ్రేకు నొక్కినప్పుడు ద్రవం వెళుతుంది గానీ పాదం తీశాక వెనక్కు రాదు. చక్రం పట్టేసి వేడెక్కుతుంది. డాట్ 3 ద్రవం ఉన్న చోట సిలికోన్‌తో చేసిన డాట్ 5ను కలపకూడదు.

ఇక ఇంజను తిరుగుతుందో లేదో తాళం చెవి తిప్పి తెలుసుకోవద్దు. ప్లగ్గులు విప్పి ప్రతి సిలిండరులోనూ కొంచెం నూనె పోసి, కొన్ని రోజులు నాననివ్వండి. వీ-8 ఇంజనుల్లో క్రాంకు ముందు కొనలోని బోల్టుకు పానా వేసి తిప్పవచ్చు. ఈ ఆరు సిలిండర్ల వాటిలో చాలా వాటికి ఆ బోల్టే ఉండదు. ప్లగ్గులు లేకుండానే, చదునైన నేల మీద మూడో గేరులో వేసి, చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మలతో ఒక మనిషిని సిద్ధంగా ఉంచుకుని, బండిని నెమ్మదిగా ముందుకూ వెనక్కూ నెట్టండి. స్వేచ్ఛగా తిరిగితే అప్పుడు ట్యాంకులోని పాత పెట్రోలును వాడకుండా విడిగా ఒక డబ్బా నుంచి కొత్తది అందించి స్టార్టు చేయండి. ఆ పైన కంప్రెషన్, అంటే ప్రతి సిలిండరులో పుట్టే పీడనం, కొలవండి. ఆరు సిలిండర్ల అంకెలూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటే ఆ ఇంజనును తీయాల్సిన పని లేదు.

పూర్తిగా విప్పడం గురించి అడిగారు. ఛాసిస్ గట్టిగా ఉన్నప్పుడు వద్దనే నా సలహా. ముక్కలు ముక్కలుగా అమ్మకానికి వచ్చే బండ్లలో చాలా వరకు ఎవరో ఒకరు ఉత్సాహంగా విప్పి, బిగించలేక వదిలేసినవే.

రెండో జవాబు (పెన్సిల్వేనియా)

రేకు పని గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఈ బండికి అసలు ఖర్చూ శ్రమా అక్కడే ఉన్నాయి.

తుప్పు పట్టిన చోటుకీ అది పుట్టిన చోటుకీ దూరం ఉంటుంది. ముందు అద్దానికి కింద, బానెట్ వెనక అంచున గాలి లోపలికి వెళ్లే సందులుంటాయి. వాటిలో పడిన ఆకులు లోపలి గదిలో పేరుకుని, వాన నీటిని పట్టి ఉంచుతాయి. ఆ నీరు డ్రైవరు పాదాల పక్కనున్న గోడ లోపలి నుంచి కిందికి జారి నేల రేకునూ, తలుపు కిందనున్న రాకర్ ప్యానెల్‌నూ తింటుంది. శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కింది నుంచి మిగతా పని పూర్తి చేస్తుంది. కాబట్టి నేల రేకు మార్చే ముందు ఆ పై గదిని శుభ్రం చేసి, అక్కడ చిల్లులున్నాయేమో నీళ్లు పోసి చూడండి. లేకపోతే కొత్త రేకు కూడా అదే దారిన పోతుంది.

తుప్పు ఎంత దూరం పాకిందో తెలుసుకోవడానికి ఒక చిన్న అయస్కాంతం, ఒక మొండి స్క్రూడ్రైవరు చాలు. రంగు కింద మందంగా పుట్టీ ఉన్న చోట అయస్కాంతం పట్టుకోదు. స్క్రూడ్రైవరు పిడితో తడుతూ పోతే మంచి రేకు ఖంగుమంటుంది, చెడినది మొద్దుగా పలుకుతుంది. మూలలు పోయిన క్యాబిన్‌లో దాదాపు ఎప్పుడూ లోపలి రాకర్ కూడా పోయే ఉంటుంది; బయటిది మాత్రమే అతికించి రంగు వేసిన బండ్లు రెండు మూడు చలికాలాల తరువాత మళ్లీ ఉబ్బుతాయి.

రాకర్‌ను కోసే ముందు తలుపు చట్రానికి లోపలి నుంచి అడ్డంగానూ ఐమూలగానూ ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేసి పెట్టాలి. క్యాబిన్ తన ఛాసిస్ మీదే, తన మౌంట్ల మీదే కూర్చుని ఉండాలి. ఒక వైపు పూర్తిగా అయ్యాకే రెండో వైపు కోయాలి. కొత్త రేకును తాత్కాలికంగా క్లాంపులతో పట్టించి, తలుపు వేసి, చుట్టూ ఉన్న సందు సమానంగా ఉందో లేదో చూసి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టి, అప్పుడు గానీ వెల్డింగ్ మొదలుపెట్టకూడదు. ఈ దశలో తొందరపడితే తలుపు జీవితాంతం ఎత్తి మూయాల్సి వస్తుంది. వెల్డింగ్‌కు 0.023 అంగుళాల తీగతో మిగ్ యంత్రం సరిపోతుంది. ఒకే చోట గీతలాగా లాగకుండా చుక్క ఇక్కడ, తరువాతి చుక్క అరచేయంత దూరంలో, అలా చల్లారనిస్తూ నింపుకుంటూ రావాలి. లేదంటే వేడికి పలుచని రేకు అప్పడంలా వంకర్లు పోతుంది. బాగా కనిపించే మూలల మీద కాకుండా, రబ్బరు చాప కింద దాగే నేల రేకు మీద మొదట చేయి తిప్పుకోండి. ఆ పనికి ముందు ట్యాంకును బండిలో నుంచి తీసి గరాజ్ బయట పెట్టాలని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను, అయినా చెబుతున్నాను.

విడిభాగాలకు బెంగ లేదు. ఈ తరం పికప్పుల రేకు భాగాలు దాదాపు అన్నీ కొత్తగా తయారై దొరుకుతున్నాయి. కొత్తవి సరిగ్గా అతకని చోట పాత అసలు భాగాలే మేలు. వాటి కోసం అక్టోబరులో మా పెన్సిల్వేనియాలోని హెర్షీలో జరిగే పాత విడిభాగాల సంతకు ఒకసారి రండి.

మూడో జవాబు (టెక్సాస్)

పై ఇద్దరితో చాలా వరకు ఏకీభవిస్తూనే వీ-8 పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఇదే ఛాసిస్‌కు 1969లో కంపెనీయే 307, 350, 396 వీ-8లను కూడా అమర్చి అమ్మింది. కాబట్టి 350 పెట్టడం ఈ బండికి పరాయి పని కాదు. బరువు లాగాలన్నా, ఏసీ బిగించాలన్నా అది సుఖం. అలాగే 250లో ఒక బలహీనత ఉంది: వాల్వులను తెరిచే క్యామ్‌ను తిప్పే పెద్ద పళ్లచక్రం ఫైబరుతో చేసినది, వయసు మీరాక దాని పళ్లు ఊడితే ఇంజను ఉన్నచోటే ఆగిపోతుంది.

అయితే మిత్రులు ఇంజను మార్చమనడానికి కారణం హైవే మీద బండి అరుస్తుందనే భయమే అయితే, మందు వేరే చోట ఉంది. మూడు గేర్ల బండ్లలో వెనక ఇరుసు నిష్పత్తి (చక్రం ఒకసారి తిరగడానికి గేరుబాక్సు నుంచి వచ్చే షాఫ్టు ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె) సాధారణంగా 3.73 దగ్గర ఉంటుంది. 28 అంగుళాల ఎత్తున్న టైరుతో గంటకు 65 మైళ్ల వేగంలో ఇంజను నిమిషానికి సుమారు 2,900 సార్లు తిరుగుతుంది. ఆ ఇరుసును అలాగే ఉంచి 350 పెట్టినా, టాప్ గేరులో అదే 2,900. ఇరుసు నిష్పత్తిని 3.07కు మారిస్తే అదే వేగంలో 2,400 దగ్గరకు దిగుతుంది. అందువల్ల ముందు ఇరుసు లెక్క చూడండి, తరువాత ఇంజను మాట.

ఇంకొకటి. తలుపు స్తంభం మీది బండి గుర్తింపు నంబరు పలక చూడండి. మీది 'సీఎస్149' అని మొదలై ఉండాలి. సీ అంటే వెనక చక్రాలకే శక్తి అందే బండి, ఎస్ అంటే ఆరు సిలిండర్లు, వీ-8 అయితే అక్కడ 'ఈ' ఉంటుంది. చివరి 9 మోడల్ సంవత్సరం. గ్లవ్ బాక్సు తలుపు లోపల కంపెనీ అంటించిన కాగితం చిరగకుండా మిగిలి ఉంటే బండి ఏ ఏ భాగాలతో బయటికి వచ్చిందో అందులో తెలుస్తుంది. దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. ఎప్పటికైనా ఇంజను మార్చినా పాతదాన్ని అమ్మకుండా మూల పెట్టండి, ఎందుకంటే కొనేవారిలో ఆ నంబరుకు తగిన ఇంజనునే అడిగేవారూ ఉంటారు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. సీటు తీసి చూశాను. పెట్రోలు పోసే గొట్టం దగ్గరి హోసు చుట్టూ పగుళ్లే. ట్యాంకును తొట్టి కిందికే మార్చాలని నిర్ణయించుకున్నాను. ఇంజను అలాగే ఉంచుతాను. రెండు సందేహాలు: ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టడం తేలికేనా? పాత డ్రమ్ములు విప్పేటప్పుడు జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

మొదటి జవాబు ఇచ్చినవారు

సీ-10కు ముందు డిస్కులు 1971లో ప్రామాణికంగా వచ్చాయి, ఆ భాగాలు మీ బండికి బిగుస్తాయి. కానీ 1970 దాకా ఈ బండ్ల చక్రాలకు ఆరు బోల్టులు, 1971 నుంచి ఐదు. అసలు భాగాలు తెచ్చి పెడితే ముందు ఐదు, వెనక ఆరు అయి కూర్చుంటుంది, ఒక్క స్పేర్ టైరు రెండింటికీ పనికిరాదు. ఆరు బోల్టులకు తగ్గట్టు చేసిన డిస్కు కిట్లు దొరుకుతాయి, వాటినే చూడండి. తొందరేమీ లేదు, సరిగ్గా సర్దిన డ్రమ్ములు ఖాళీ బండిని బాగానే ఆపుతాయి, నీళ్లలోంచి వచ్చాక మాత్రం కాసేపు మొరాయిస్తాయి.

పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉందనే అనుకుని పని చేయండి. గాలి గొట్టంతో ఆ దుమ్మును ఊదకూడదు, పొడిగా బ్రష్‌తో రుద్దకూడదు. తడిపి, తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టేయాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి రుద్దేటప్పుడు తగిన మాస్కు ఉండాలి. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనరుతో తుడిచిన రేకును వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విష వాయువు పుడుతుంది. డబ్బా మీద క్లోరిన్ లేనిదని రాసి ఉంటేనే కొనండి.

రెండో జవాబు ఇచ్చినవారు

నంబరు ప్లేటు గురించి కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. ఒహాయోలో 25 ఏళ్లు దాటిన బండికి చారిత్రక వాహనం ప్లేటు ఇస్తారు గానీ, దానితో ప్రదర్శనలకూ పెరేడ్లకూ క్లబ్బు యాత్రలకూ వెళ్లాలి తప్ప రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. ఈ పికప్పులో వారం వారం కలప తెచ్చుకోవాలన్నది మీ ఉద్దేశమైతే మామూలు ప్లేటే తీసుకోండి. బీమాను మాత్రం బండి విలువను ముందే ఇద్దరూ ఒప్పుకుని రాసుకునే పద్ధతిలో చేయించండి. మామూలు పాలసీలో 1969 బండి అంటే తరుగు పోగా మిగిలేది దాదాపు సున్నా అని లెక్కకట్టే ప్రమాదం ఉంది. రేకు పని మొదలుపెట్టే ముందు తీసిన ఫొటోలు, కొన్న భాగాల రసీదులు అప్పుడు అక్కరకొస్తాయి.